కెమెరాకు మంచి పోలరైజింగ్ ఫిల్టరును ఎంచుకొనుట

దుమ్ముగూడెము కడ గోదావరికి అడ్డముగా 19వ శతాబ్దమున పడవల రాకపోకల నిమిత్తము కట్టబడిన ఆనకట్టను మీరందరు ఎరుగుదురు. ఎండవేళ దాని చెంత నిలిచి చూచిన యెడల నీటిపై తళతళయే గాని అడుగున నున్న రాళ్లు కానరావు. మనము తీయు ఛాయాచిత్రములలోను ఆ తెల్లని మెరుపే పడును. దీనిని తగ్గించు సాధనమే పోలరైజింగ్ ఫిల్టరు. తలిదండ్రులు తమ కష్టార్జితమును వెచ్చించి కొనవలసిన వస్తువు గనుక, మంచిదానిని గుర్తించు విధమును వివరించెదము.

సూర్యకాంతి తరంగములు తమ ప్రయాణదిశకు అడ్డముగా అన్ని వైపులకు కంపించును. అవి నీటిపై పడి ప్రతిఫలించినపుడు వానిలో పెక్కు భాగము నీటితలమునకు సమాంతరముగా మాత్రమే కంపించును. ఇదియే ధ్రువిత కాంతి. ప్రతిఫలనము వలన ఇట్లు జరుగునని 1808లో ఫ్రాన్సు దేశీయుడైన మాలస్ కనుగొనెను. ఫిల్టరు ఒక్క దిశలో కంపించు కాంతినే పోనిచ్చును. దానిని త్రిప్పి తగినచోట నిలిపినపుడు మెరుపు అణగి రాళ్లు కానవచ్చును. నీటితలమునకు సుమారు 37 డిగ్రీల వాలున చూచునపుడు ఫలము మిక్కిలి హెచ్చు. లోహముల మెరుపును మాత్రము ఇది తీయజాలదు.

విశాఖపట్టణమున బాల్యవిద్య నభ్యసించిన సి. వి. రామన్ గారు 1921లో ఐరోపా నుండి ఓడలో మరలివచ్చుచు, ఇట్టి పనినే చేయు నికోల్ పట్టకముతో సముద్రమును పరికించిరి. పైని ప్రతిఫలనము అణగినను నీలిమ పోలేదు. కావున అది కేవలము ఆకాశపు నీడ కాదనియు, నీటి అణువులు కాంతిని వెదజల్లుట వలన కలుగుచున్నదనియు వివరించిరి. చిన్న పట్టకమే యెంత సత్యమును చూపినదో గమనింపుడు!

ఇక ఎంపికను గూర్చి చెప్పెదము. మొదట కొలత: కటకపు అంచున 52, 58, 67, 77 మి.మీ. మొదలగు అంకె యుండును. పలు కటకములు గలవారు పెద్దదానికి సరిపడునది కొని, చిన్నవానికి జోడింపు వలయములను వాడవచ్చును. రెండవది జాతి: లోపల అద్దముగల కెమెరాలలో లీనియర్ రకము వెలుతురు కొలతను, స్వయంచాలక ఫోకసును తప్పుదారి పట్టింపవచ్చును. కావున సర్క్యులర్ రకము క్షేమకరము.

మూడవది పరీక్ష. ఫిల్టరు ముందువైపును కాలిక్యులేటరు అంకెల పలకవైపు పెట్టి త్రిప్పుడు. మంచిదైన యెడల ఒకచోట పలక అంతయు నల్లబడును. వెనుకవైపును పలకవైపు పెట్టి చూచినపుడు అట్లు నల్లబడకున్న అది సర్క్యులర్ రకమని తెలియును. తరువాత తెల్లకాగితమును చూడుడు. పసుపు గాని ఆకుపచ్చ గాని తోపరాదు. గాజుపై ట్యూబులైటు నీడ వంకరపోయిన యెడల గాజు చదునుగా లేదని యెరుగుడు. వలయము వదులు గాక, బిగుసుకొనక, మెత్తగా తిరుగవలెను. ఇత్తడి వలయము అల్యూమినియపు దానివలె తరచుగా పట్టుకొనిపోదు.

మేమొకప్పుడు వెలయే చూచి, పరీక్షింపకయే ఒకదానిని కొంటిమి. దానితో నదీతీరమున తీసిన వీడ్కోలు చిత్రములో ముఖములన్నియు మసకబారెను. ఆ విద్యార్థులు అప్పటికే తలయొక ఊరికి వెడలిపోయిరి. ఆ చిత్రము మరల తీయుటకు వీలు లేకపోయెను. అందుచేతనే ఇంతగా చెప్పుచున్నాము.

మంచి ఫిల్టరైనను వెలుతురును సగమునకో, నాలుగవ వంతునకో తగ్గించును. గదిలో దానిని తీసివేయవలెను. సూర్యుడు భుజమువైపున నున్నపుడు ఆకాశము గాఢనీలముగా వచ్చును. ఇంద్రధనుస్సును తీయునపుడు జాగ్రత్త; తప్పుగా త్రిప్పిన అది మాయమగును! కొనుటకు పోవునపుడు జేబులో కాలిక్యులేటరును, తెల్లకాగితమును ఉంచుకొనుడు. పరీక్షింపనీయని అంగడిలో కొనకుడు.