సాంబమసూరికి మూడు జన్యువుల రక్షణ

దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలలో ‘బీపీటీ’ పేరిట అమ్ముడయ్యే సన్నబియ్యానికి మూలం బాపట్ల పరిశోధన స్థానం నుండి 1986లో విడుదలైన బీపీటీ 5204, అనగా సాంబమసూరి. గింజ నాణ్యతలో మేటి అయిన ఈ రకం బాక్టీరియా ఎండాకు తెగులుకు సులభంగా లొంగిపోతుంది. తెగులు సోకిన పిదప దానిని పూర్తిగా అదుపు చేయగల మందు లేనందున నిరోధక రకమే రైతుకు శరణ్యం.

ఈ తెగులుకు కారకమైన జాంథోమోనాస్ ఒరైజే బాక్టీరియాపై పరిశోధనలకు గాను సీసీఎంబీ శాస్త్రవేత్త డా. రమేష్ వెంకట సొంటి 2004లో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం అందుకున్నారు. బాక్టీరియా కొన్ని ఎంజైములను స్రవించి వరి కణకవచాన్ని ఛేదిస్తుంది. ఆ స్రావక వ్యవస్థ ఉత్పరివర్తనం వలన దెబ్బతిన్నప్పుడు తెగులు తీవ్రత తగ్గుతుందని ఆయన బృందం నిరూపించింది. కణకవచానికి కలిగిన హానిని గుర్తించి మొక్క తన రక్షణ చర్యలను ప్రారంభిస్తుందని కూడా వెల్లడించింది.

ఈ విజ్ఞానం ప్రయోగశాలకే పరిమితం కాలేదు. ఎల్బీనగర్ కూడలికి ఒకవైపున ఉప్పల్ మార్గంలో సీసీఎంబీ, మరొకవైపున రాజేంద్రనగర్‌లో నాటి వరి పరిశోధన సంచాలక కార్యాలయం ఉన్నాయి. ఈ రెండు సంస్థలు కలిసి ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అనే మూడు నిరోధక జన్యువులను సాంబమసూరిలో ప్రవేశపెట్టాయి.

ఒకే జన్యువుపై ఆధారపడితే బాక్టీరియా మార్పు చెంది దానిని అధిగమించగలదు. మూడింటిని ఒకేసారి అధిగమించడం కష్టతరం. అయితే వీటిలో ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అంతర్గత జన్యువులు. సంకర మొక్కలో అవి ఉన్నదీ లేనిదీ తెగులు పరీక్షతో తేలదు. డీఎన్ఏ మార్కర్లు ఈ చిక్కును తొలగించాయి. నాలుగు తరాల పాటు సాంబమసూరితో పునఃసంకరణం జరిపి, ప్రతి తరంలోనూ మూడు జన్యువులతో పాటు సాంబమసూరి లక్షణాలు అధికంగా గల మొక్కలనే ఎంపిక చేశారు. ఫలితంగా 2008లో ఇంప్రూవ్డ్ సాంబమసూరి విడుదలైంది.

విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు మూడు విషయాలు స్పష్టం చేయాలి. ఇది జన్యుమార్పిడి పంట కాదు, సంకరణం ద్వారా రూపొందినది. సూటి రకం కనుక స్వచ్ఛత కాపాడుకుంటే విత్తనం దాచుకోవచ్చు. దీని నిరోధకత ఎండాకు తెగులుకే పరిమితం. అగ్గితెగులు విషయంలో అప్రమత్తత తప్పదు. ఈ హద్దులు తెలిపినప్పుడే శాస్త్రఫలం రైతు పొలంలో నిలుస్తుంది.