పాత అంబాసిడర్‌కు ఇంజిన్ ఎందుకు మారుస్తారు?

విజయవాడ ఆటోనగర్ లారీల మరమ్మతుకు పేరుమోసిన చోటు. కానీ లేతు మిషన్లు, వెల్డింగ్ తెలిసిన చేతులు ఉన్నచోట పాత కార్లకూ కొత్త ఊపు వస్తుంది. అంబాసిడర్‌నే తీసుకోండి.

దాని పాత పెట్రోలు ఇంజిన్ 1489 సీసీది. అంటే నాలుగు సిలిండర్లలో పిస్టన్లు కదిలే జాగా మొత్తం దాదాపు లీటరున్నర. ఇంజిన్ ఎంత గాలి పీలిస్తే అంత పెట్రోలు మండించగలదు, అంత బలం వస్తుంది. అందుకే కంపెనీ కూడా 1990ల్లో 1.8 లీటర్ల ఇసుజు ఇంజిన్, అయిదు గేర్లు పెట్టింది. సుమారు 50 హార్స్‌పవర్ 75 దగ్గరికి చేరింది!

మరి ఎలా మారుస్తారు? కొత్త ఇంజిన్ కూర్చునే మౌంటింగులు ఛాసిస్‌కు సరిగ్గా అమరాలి. గేర్‌బాక్స్ పొడవు మారితే వెనక చక్రాలకు శక్తినిచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను కొలతకు కోసి, బ్యాలెన్స్ చేయాలి. లేకపోతే వేగం పెరిగేకొద్దీ బండి వణుకుతుంది. బెజవాడ ఎండలు తెలిసినవే కదా, రేడియేటర్ కూడా పెద్దది కావాలి.

చాలామంది మరిచిపోయేది బ్రేకులు. నన్నడిగితే మొదటి ఖర్చు అక్కడే పెట్టాలి. వేగం రెట్టింపైతే బండిలోని గతిశక్తి నాలుగింతలవుతుంది. దాన్నంతా వేడిగా మార్చాల్సింది బ్రేకులే. పాత డ్రమ్ము బ్రేకులు త్వరగా వేడెక్కి పట్టు తప్పుతాయి. అందుకే ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వేస్తారు.

ఇంజిన్ మార్పుకు ఆర్టీవో అనుమతి తీసుకుని, ఆర్‌సీలో కొత్త ఇంజిన్ నంబరు ఎక్కించుకోవాలి.