రెండో కొన పట్టే చెయ్యి: వడ్రంగి కొట్టులో ఎత్తు మారే స్టాండు

కొవ్వూరు: ఎనిమిదడుగుల పలకను రంపానికి అందించేటప్పుడు ఈ కొన పట్టుకోవడానికి వడ్రంగి మేస్త్రీ ఉంటాడు. మరి ఆ కొన పట్టుకునేదెవరు? ఒకప్పుడు ఈ ప్రశ్నే లేదు. కొడుకో, తమ్ముడో, పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రవాడో పట్టుకునేవాడు. ఇప్పుడు చాలా చిన్న కొట్లలో ఆ రెండో మనిషి లేడు. కొడుకు చదువుకు పోయాడు. పని నేర్చుకునే కుర్రవాళ్ళు తగ్గిపోయారు. మిగిలింది మేస్త్రీ ఒక్కడు, కరెంటు మిషను ఒకటి.

ఆ రెండో మనిషి పనిని కొంతవరకు చేసిపెట్టేదే ఎత్తు మార్చుకునే ఊత స్టాండు. చూడబోతే మూడు కాళ్ళ మీద నిలబెట్టిన పైపు, దాని నెత్తిన ఒక అడ్డబద్ద లేదా రోలరు. అంతకు మించి ఏమీ లేదు. కాని ఒంటరిగా పని చేసుకునే వడ్రంగికి అది ముందుగా వేళ్ళను, తరువాత కర్రను, ఆ పైన నడుమును కాపాడుతుంది.

గోదావరి మీద వచ్చిన కర్ర

కొవ్వూరు, రాజమండ్రి రేవులకు కర్ర కొత్త కాదు. ఎగువ ఏజెన్సీ అడవుల నుంచి టేకు దుంగలు, వెదురు తెప్పలు గోదావరి మీద తేలుతూ దిగిన రోజులున్నాయి. ఊరూరా ఉన్న వడ్రంగి సాలలో నాగళ్ళు, కాడిమానులు, బండి చక్రాలు తయారయ్యేవి. రైతు ఏటా కళ్ళంలో మేర ధాన్యం కొలిచేవాడు. పెద్ద దుంగను పలకలుగా కోయాలంటే దానిని ఊతకర్రల మీదికి ఎత్తి, ఒకరు పైన, ఒకరు కింద నిలబడి పెద్ద రంపం లాగేవారు. ఇద్దరు లేనిదే ఆ పని సాగేది కాదు.

1974లో కొవ్వూరు, రాజమండ్రిల మధ్య రోడ్డు, రైలు కలిసిన వంతెన వచ్చింది. సరుకు రాకపోకలు సులువయ్యాయి. నాగలి స్థానంలో ట్రాక్టరు, ఎడ్లబండి స్థానంలో ఆటో వచ్చాక వడ్రంగి పని గుమ్మాలు, తలుపులు, మంచాలు, ప్లైవుడ్ బీరువాల వైపు మళ్ళింది. దుంగ కోత సామిల్లుకు పోయింది. కొట్టులోకి కరెంటు మిషన్లు వచ్చాయి. ఒక మనిషే నలుగురి పని చేయగలుగుతున్నాడు. అయితే కర్ర బరువు మాత్రం తగ్గలేదు.

కుమారదేవంలోని పేరుపడ్డ ‘సినిమా చెట్టు’ 2024 ఆగస్టులో గోదావరి గట్టున నేలకొరిగినప్పుడు చూసినవారికి మాను బరువు ఎంతో వేరే చెప్పనక్కరలేదు. కొట్టులోకి వచ్చే కర్ర అంత పెద్దది కాకపోవచ్చు. కాని ఎండిన టేకు ఘనపుటడుగు సుమారు 18 కిలోలు తూగుతుంది. ఏడడుగుల పొడవు, ఐదంగుళాల వెడల్పు, మూడంగుళాల మందం ఉన్న గుమ్మం నిలువు కర్ర ఒక్కటే దాదాపు 13 కిలోలు. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉండే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ షీటు 30 కిలోలు దాటుతుంది. అంత బరువును ఒక కొన పట్టుకుని మిషను మీదుగా తిన్నగా తోయడం ఒక్క మనిషి వల్ల కాదు.

కాలివేళ్ళే పట్టు

మన వడ్రంగులు తరతరాలుగా నేల మీద కూర్చుని పని చేశారు. చిన్న కర్రను పాదంతో తొక్కిపట్టి, కాలి బొటనవేలితో అదిమి ఉలి కొట్టేవారు. అది ఎంతో నేర్పుతో కూడిన పని. ఉలి అయినా, చేతిరంపం అయినా మనిషి వేగంతోనే నడుస్తుంది. ఆగమంటే ఆగుతుంది.

కరెంటు మిషను అలా కాదు. ఎన్నో కొట్లలో కర్ర కోతకు వాడుతున్న చిన్న మార్బుల్ కట్టర్ నిమిషానికి సుమారు 12 వేల చుట్లు తిరుగుతుంది. కర్రను కాలితో తొక్కిపట్టి దానితో కోయడమంటే పాదాన్ని బ్లేడు ముందు పెట్టడమే. పాత అలవాటు, కొత్త మిషను ఒకచోట కలిసినందువల్ల వచ్చిన ప్రమాదమిది. కాలు చేసే పని ఇప్పుడు స్టాండు చేయాలి.

పలక వాలితే ఏమవుతుంది?

ఊతం సరిగా లేనప్పుడు జరిగేవి మూడు.

మొదటిది, బ్లేడు పట్టేయడం. పలకను రెండు చివరల మాత్రమే ఇటుకల మీదో, స్టూళ్ళ మీదో ఆనించి నడుమ కోస్తే, కోత సాగేకొద్దీ పలక నడుమన కిందికి దిగుతుంది. కోసిన సందు పైన మూసుకుపోయి బ్లేడును నొక్కుతుంది. నొక్కుడు పడిన మిషను ఒక్కసారిగా మనిషి మీదికి ఎగదన్నుతుంది. రెప్పపాటులో జరిగే పని కనుక తప్పుకునే వ్యవధి ఉండదు.

రెండవది, పలక చీలడం. కోత ఇంకో రెండంగుళాలు ఉందనగా తెగిన ముక్క తన బరువుకు తాను వేలాడి విరిగిపోతుంది. పోతూపోతూ మంచి ముక్క అంచున పెళ్ళను లేపుకుపోతుంది. టేకు అయితే ఆ నష్టం మేస్త్రీ కూలిలోంచి పోవలసిందే.

మూడవది, పలక ఎగదన్నడం. మిషను బల్ల మీదుగా తోసిన పలక సగానికి మించి బల్ల దాటితే తూగుడు బల్లలా అవతలికి వాలుతుంది. మనిషి కంగారుగా దాన్ని అదిమిపట్టబోతాడు. చేయి బ్లేడు దగ్గరకు పోయేది అప్పుడే.

కుర్చీ కోసుకున్న ఇంజనీరు

ఈ ఇబ్బంది మన ఊళ్ళకే ప్రత్యేకం కాదు. దక్షిణాఫ్రికాలో పుట్టి ఇంగ్లండులో పని చేసిన రాన్ హిక్‌మన్ కార్ల రూపకల్పనలో పేరు తెచ్చుకున్న మనిషి. లోటస్ ఎలాన్ అనే కారు ఆయన చేతిలో రూపు దిద్దుకున్నదే. 1961లో ఆయన ఇంటికోసం బీరువా తయారు చేసుకుంటూ, సరైన ఊతం లేక పలకను ఖరీదైన కుర్చీ మీద పెట్టి కోశారు. పలకతోపాటు కుర్చీ కూడా తెగింది.

ఆ నష్టం నుంచే ఆయనకు ఒక ఆలోచన తట్టింది. మడిచి పక్కన పెట్టుకోవడానికి, రెండు ఎత్తులలో నిలబెట్టుకోవడానికి, పలకను బిగించి పట్టడానికి వీలైన పనిబల్లను తయారు చేశారు. దానిని పెద్ద పనిముట్ల కంపెనీలకు చూపిస్తే ఇది అమ్ముడుపోదని తిప్పి పంపారు. కొంతకాలం ఆయనే తయారు చేయించి అమ్ముకున్నారు. చివరకు మొదట కాదన్న బ్లాక్ అండ్ డెక్కర్ కంపెనీయే 1972లో తయారీ చేపట్టింది. ‘వర్క్‌మేట్’ పేరుతో ఆ బల్ల ప్రపంచమంతటా కోట్ల సంఖ్యలో అమ్ముడైంది. 2011లో హిక్‌మన్ కన్నుమూశారు. కార్ల కంటే కర్ర కోసే బల్లే ఆయనకు ఎక్కువ పేరు తెచ్చిపెట్టడం విశేషం.

ఎక్కడ నిలపాలి, ఎంత ఎత్తు?

స్టాండు కొన్నంత మాత్రాన సరిపోదు. దానిని నిలపడంలోనే ఉన్నది కిటుకంతా.

మిషను బల్ల అవతల నిలిపే స్టాండు, పలక సగం పొడవు కంటే దగ్గరగా ఉండాలి. ఎనిమిదడుగుల షీటు నాలుగడుగులు బల్ల దాటితే వాలడం మొదలుపెడుతుంది. కనుక స్టాండు మూడు, మూడున్నర అడుగుల దూరంలో ఉంటే పలక కొన వాలకముందే దాని మీదికి చేరుతుంది.

ఎత్తు విషయంలో చాలామంది పొరపడతారు. అవతలి స్టాండు బల్ల కంటే పిసరంత కూడా ఎత్తు ఉండకూడదు. ఉంటే పలక కొన దానికి తగిలి ఆగిపోతుంది. బల్లతో సమంగా, లేదా పోస్టుకార్డు మందమంత తక్కువగా ఉంటే మంచిది. ఇందుకు తిన్నని పొడవాటి బద్దను బల్ల మీద నుంచి స్టాండు దాకా పరచి చూసుకుంటే చాలు. రసమట్టం ఉంటే మరీ మంచిది.

రోలరు ఉన్న స్టాండు అయితే అది పలక వెళ్ళే దారికి మూలమట్టంగా ఉండాలి. ఏమాత్రం వంకరగా ఉన్నా తిరిగే రోలరు పలకను పక్కకు లాగేస్తుంది. కోత గీత తప్పుతుంది.

చేతి మిషనుతో షీటు కోసేటప్పుడు రెండు స్టాండ్లు చాలవు. కోత గీతకు అటు రెండు, ఇటు రెండు ఊతాలుండాలి. అందులో ఒక్కొక్కటి గీతకు దగ్గరగా ఉండాలి. అప్పుడు కోత పూర్తయిన తరువాత కూడా రెండు ముక్కలూ ఉన్నచోటనే ఉంటాయి. ఏదీ కింద పడదు, బ్లేడును నొక్కదు.

చిత్రిక పట్టేటప్పుడు, బెజ్జం తొలిచేటప్పుడు రోలరు పనికిరాదు. కర్ర జారిపోతుంది. దాని బదులు చదునైన అడ్డబద్ద ఉండాలి. ఆ బద్దకు పాత సైకిలు ట్యూబు ముక్క చుడితే కర్ర కదలదు, గీతలూ పడవు.

పనిని బట్టి ఎత్తు మార్చుకోవడం నడుముకు మేలు. చిత్రికకు మనిషి నిటారుగా నిలబడి చేతులు వదిలితే మణికట్టు వచ్చే ఎత్తు అనుకూలం. చేతిరంపానికి మోకాలి ఎత్తు చాలు. గుర్తులు పెట్టుకోవడానికి, సన్నపని చేయడానికి మోచేతికి దగ్గరగా ఉండాలి. ఒకే ఎత్తు బల్ల మీద రోజంతా వంగి చేసేవానికి సాయంత్రానికి నడుము పట్టేయడంలో వింత లేదు.

వెల్డింగు షాపులోనే చేయించుకోవచ్చు

ఈ స్టాండ్లు బజారులో దొరుకుతాయి. కొనలేనివారు ఊళ్ళోని వెల్డింగు షాపులో చేయించుకోవచ్చు. ఒకదానిలో ఒకటి జారేలా రెండు చదరపు పైపులు తీసుకోవాలి. లోపలి పైపుకు అంగుళానికొకటి చొప్పున బెజ్జాలు పెట్టించి, వెలుపలి పైపు బెజ్జం గుండా గట్టి బోల్టు దూర్చాలి. వెలుపలి పైపుకు ఒక నట్టు వెల్డు చేయించి, పిడి ఉన్న స్క్రూ బిగిస్తే పైపు ఊగకుండా ఉంటుంది. అయితే బరువు మోయవలసింది బోల్టే. స్క్రూ బిగింపు ఒక్కదాన్ని నమ్ముకుంటే బరువు పడినప్పుడు పైపు జారే ప్రమాదం ఉన్నది. అంగుళం కంటే సన్నని సర్దుబాటు కావాలంటే పైబద్ద కింద పలుచని చెక్కలు పెట్టుకోవచ్చు.

రేకుల షెడ్లలో, మట్టి నేల మీద పని చేసేవారికి మూడు కాళ్ళ స్టాండు నయం. నేల ఎగుడుదిగుడుగా ఉంటే నాలుగు కాళ్ళది ఊగుతుంది, మూడు కాళ్ళది ఊగదు. అయితే కాళ్ళు బాగా ఎడంగా ఉండాలి. ఇరుకుగా ఉంటే పక్కకు పడిపోతుంది. వానాకాలంలో మెత్తబడిన నేలలో కాళ్ళు దిగకుండా వాటి కింద చెక్క పలకలు వేసుకోవాలి. రోలరు దొరకకపోతే నున్నగా చిత్రిక పట్టిన టేకు బద్దకు కొవ్వొత్తి రుద్దినా పలక చక్కగా జారుతుంది.

ఇనుము జోలి లేకుండా కర్రతోనే చేసుకునే మార్గమూ ఉన్నది. రెండు నిలువు బద్దల నడుమ మూడో బద్ద పైకి కిందికి జారేలా గాడి తీసి, బోల్టు, రెక్కల నట్టుతో బిగిస్తారు. కొట్టులో మిగిలిన ముక్కలు దీనికి సరిపోతాయి.

సాయం అందే దారి

వడ్రంగులు, పడవ తయారీదార్లు సహా 18 చేతివృత్తుల వారికోసం కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ప్రధానమంత్రి విశ్వకర్మ పథకాన్ని ప్రారంభించింది. ఇందులో శిక్షణ, శిక్షణ రోజుల్లో రోజుకు రూ. 500 భృతి, పనిముట్లకు రూ. 15 వేల వరకు సాయం ఉన్నాయి. 5 శాతం వడ్డీకి తొలి విడత లక్ష రూపాయల వరకు, తరువాత రెండు లక్షల వరకు అప్పు ఇస్తారు. 18 ఏళ్ళు నిండినవారు, కుటుంబానికి ఒక్కరు అర్హులు. వివరాలు కామన్ సర్వీస్ సెంటరులోను, పంచాయతీలోను అడిగి తెలుసుకోవచ్చు. సాయం అందినప్పుడు అందరి చూపూ కొత్త మిషను మీదకే పోవడం సహజం. ఆ మిషనుకు ముందు వెనుకల ఊతం ఉన్నదా అని కూడా చూసుకోవాలి.

మరువరాని జాగ్రత్తలు

స్టాండు ఉన్నదన్న ధైర్యంతో ఇతర జాగ్రత్తలు విడిచిపెట్టకూడదు. మార్బుల్ కట్టరును బల్ల కింద తలకిందులుగా బిగించి, గార్డు తీసేసి వాడడం ఎంత మాత్రం క్షేమం కాదు. బ్లేడు మీద రాసి ఉండే వేగం మిషను వేగం కంటే తక్కువ ఉంటే ఆ బ్లేడు బిగించరాదు. స్టాండు ఎత్తు మార్చేటప్పుడు దానిమీద పలక ఉండకూడదు, మిషను ఆగి ఉండాలి. పని మొదలుపెట్టే ముందు స్టాండును చేత్తో అదిమి చూసుకోవడం అలవాటు చేసుకోవాలి. మనిషి ఎప్పుడూ బ్లేడుకు సూటిగా కాక, ఒక పక్కకు నిలబడాలి.

వడ్రంగికి పెట్టుబడి పది వేళ్ళు. రంపం పోతే మరొకటి కొనవచ్చు, కర్ర పాడైతే మరొకటి తేవచ్చు. తెగిన వేలుతో ఉలి పట్టడం కష్టం. రెండో మనిషి దొరకని ఈ రోజుల్లో నాలుగు పైపు ముక్కలతో చేయించుకునే స్టాండు ఆ పెట్టుబడికి కాపలా కాస్తుంది. మిషను కొన్న ప్రతి కొట్టులోను దాని పక్కన రెండు స్టాండ్లు ఉండడం విలాసం కాదు, అవసరం.