భైంసా పరిసరాలలో వలస పక్షుల పరిశీలన

భైంసా తెలంగాణ రాష్ట్రములోని నిర్మల్ జిల్లాకు చెందిన పట్టణము. 2016 వరకు ఇది ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. సముద్రము ఇక్కడికి వందలాది కిలోమీటర్ల దూరములో ఉన్నప్పటికీ, శరదృతువులో ఉత్తర దేశాల నుండి వచ్చే పక్షులను గమనించుటకు అనువైన నీటి ఒడ్డులు సమీపములోనే కలవు.

నీటి ఒడ్డులు

గోదావరి ఉపనది అయిన సుద్దవాగుపై భైంసా వద్ద గడ్డెన్నవాగు జలాశయము ఉన్నది. బాసర వద్ద గోదావరి వెంట శ్రీరాంసాగర్ వెనుక జలాలు విస్తరించి ఉంటాయి. 1963లో శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టు పూర్తి నీటిమట్టము 1091 అడుగులు.

కాకినాడ సమీపములోని కోరింగ వంటి తీరప్రాంతాలలో సముద్రపు పోటు రోజుకు రెండుసార్లు వచ్చి పోవుట వలన బురదనేల బయటపడుతుంది. పురుగులను, నత్తలను ఏరుకొని తినే పక్షులకు అదే మేత. జలాశయాలలో ఇదే పని ఏడాదికి ఒకసారి, నెమ్మదిగా జరుగుతుంది. వానాకాలములో నిండిన నీరు కాలువల ద్వారా పంటలకు వెళ్ళినకొద్దీ ఒడ్డు వెనుకకు జరిగి, తడి బురద తేలుతుంది.

వచ్చే పక్షులు

తెలంగాణ జలాశయాలకు ముందుగా, ఆగస్టు నుండే, ఉల్లంకి జాతులు వస్తాయి. వీటిలో లిటిల్ స్టింట్ అనే చిన్న పక్షి పిచ్చుకంత బరువే ఉన్నా, ఉత్తర ధ్రువ ప్రాంతపు టండ్రాలలో గుడ్లు పెట్టి ఇంత దూరము వస్తుంది. ఆ తరువాత కాటుకపిట్టలు, సూదితోక బాతులు కనిపిస్తాయి. తలపై రెండు నల్లని అడ్డుచారలు గల పట్టెతల బాతు మంగోలియా, టిబెట్ సరస్సుల నుండి హిమాలయాలను దాటి వస్తుంది.

వానాకాలములో హంసలు మానస సరోవరమునకు పోయి, శరత్తులో తిరిగి వస్తాయని కవిసమయము. కాళిదాసు మేఘసందేశములో రాజహంసలు మేఘము వెంట కైలాసము వరకు ప్రయాణిస్తాయి. ఆ హంస ఈ పట్టెతల బాతేనని కొందరు పండితుల అభిప్రాయము.

పరిశీలించు విధానము

సూర్యుడు వీపు వైపు ఉండేలా ఉదయాన్నే ఒడ్డుకు చేరాలి. ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపే బైనాక్యులర్ చాలు. పక్షులు మేత మాని తలలెత్తి చూస్తున్నాయంటే మరీ దగ్గరకు వెళ్ళినట్లే, అక్కడే ఆగాలి. తేదీ, సమయము, జాతి, సంఖ్యతో పాటు నీటిమట్టమును కూడా వ్రాసుకోవాలి. పక్షులు లేని రోజున "లేవు" అని వ్రాయటము కూడా అవసరమే.

నమోదు ఎందుకు?

అక్టోబరు దాకా జలాశయము నిండుగా ఉన్న సంవత్సరములో బురద తేలదు. ఉల్లంకులు ఆగకుండా వెళ్ళిపోవచ్చు. ఆ ఒక్క ఏడాది లెక్కను చూసి వాటి సంఖ్య తగ్గిందనుకుంటే పొరపాటు. ప్రతి ఏటా నీరు తగిన మట్టములో ఉండి కూడా పక్షులు తగ్గుతూ ఉంటే మాత్రము అది హెచ్చరిక. ఒకే ఒడ్డును చాలా ఏళ్ళు గమనించినవారే ఈ తేడాను చెప్పగలరు. 1987లో మొదలై, జనవరి నెలలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన కూడా ఇలాంటి స్వచ్ఛంద పరిశీలకుల మీదే ఆధారపడుతుంది. అయితే శరత్తులో ఆగి, జనవరికి ముందే దక్షిణానికి సాగిపోయే పక్షులు ఆ లెక్కకు అందవు. వాటి రాకకు స్థానికులు వ్రాసుకొన్న పుస్తకమే సాక్ష్యము.

నీరు తగ్గాక తేలిన బురద చూపరులకు ఖాళీ నేలగా కనిపిస్తుంది. వేల కిలోమీటర్లు ఎగిరి వచ్చిన పక్షికి అదే అన్నపుపళ్ళెము.