సెక్టార్ 22 ఎవరు కట్టారు?

థర్డ్ ఇయర్ స్టడీ టూర్‌కి మా సివిల్ బ్యాచ్ చండీగఢ్ వెళ్లింది. అసెంబ్లీ, హైకోర్టు చూసి, ఓపెన్ హ్యాండ్ ముందు గ్రూప్ ఫోటో దిగాక సార్ మమ్మల్ని సెక్టార్ 22కి తీసుకెళ్లారు. అక్కడ చూడ్డానికి ఏముందా అనిపించింది. వరసగా ఎర్ర ఇటుకల ఇళ్లు, ఇటుకల మధ్య ఖాళీలు వదిలి కట్టిన జాలీ గోడలు, ఆరేసిన బట్టలు, అంతే. "ఇవి ఎవరు డిజైన్ చేశారు?" అని అడిగారు సార్. బస్సులో నిద్రపోయి అప్పుడే లేచినవాళ్లతో సహా అందరం "లె కార్బూజియే" అన్నాం. "ఈ సెక్టార్‌లో చాలా ఇళ్లు జేన్ డ్రూ అనే ఆవిడ గీసినవి" అన్నారు. ఆ పేరు మాలో ఒక్కరం కూడా వినలేదు.

ఆ పేరు నాకు గుర్తుండిపోవడానికి ఒక కారణం ఉంది. టూర్‌కి నెల ముందు ఒకచోట ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూకి వెళ్లాను. నా డ్రాయింగులు తిరగేసి, "బాగున్నాయమ్మా, కానీ సైట్‌కి మేం అబ్బాయిల్నే తీసుకుంటున్నాం" అన్నారు. థాంక్యూ చెప్పి బయటికొచ్చేశాను. హాస్టల్‌కి తిరిగొచ్చాక జేన్ డ్రూ గురించి చదవడం మొదలుపెడితే, దాదాపు తొంభై ఏళ్ల కింద లండన్‌లో ఆవిడా అదే మాట విన్నారని తెలిసింది.

జేన్ డ్రూ 1911లో లండన్ పక్కనే ఉన్న క్రాయ్‌డన్ ప్రాంతంలో పుట్టారు. నాన్న సర్జరీ పరికరాలు డిజైన్ చేసేవారు, అమ్మ టీచర్. 1929లో లండన్‌లోని ఆర్కిటెక్చరల్ అసోసియేషన్ స్కూల్లో చేరారు. ఆ స్కూలు ఆడపిల్లల్ని చేర్చుకోవడం మొదలుపెట్టి అప్పటికి పన్నెండేళ్లే అయింది. చదువైతే చెప్పారు గానీ, ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి చాలా ఆఫీసులు ఆడవాళ్లు వద్దన్నాయి. ఆవిడ సహాధ్యాయి జేమ్స్ ఆలిస్టన్‌ని పెళ్లి చేసుకుని, ఇద్దరూ కలిసి ప్రాక్టీసు పెట్టారు. కవల ఆడపిల్లలు పుట్టారు. 1939లో విడిపోయారు.

తర్వాత ఆవిడ చేసిన పని నాకు భలే నచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా లండన్‌లో సొంత ఆఫీసు తెరిచి, మొదట్లో ఆడ ఆర్కిటెక్టుల్నే తీసుకున్నారు. వద్దన్నవాళ్లతో వాదన పెట్టుకోలేదు, వద్దనిపించుకున్నవాళ్లకి పని ఇచ్చారు. ఆ రోజుల్లోనే గ్యాస్ కంపెనీల సంఘం కోసం వంటగదుల డిజైన్ మీద పనిచేశారు. వంటగది చిన్న విషయం అనుకుంటాం. రోజుకి నాలుగు గంటలు వంగి నిలబడే మనిషికి ప్లాట్‌ఫాం ఎత్తు రెండంగుళాలు తేడా వస్తే ఏమవుతుందో మా అమ్మ నడుముకి తెలుసు.

1942లో మాక్స్‌వెల్ ఫ్రై అనే ఆర్కిటెక్టుని పెళ్లాడారు. పెళ్లయినా వృత్తిలో డ్రూ అన్న పేరే ఉంచుకున్నారు. ఇద్దరూ ఆధునికవాదులే. అంటే కట్టడానికి అలంకారం కంటే ఉపయోగం ముఖ్యమని, కొత్త కాలానికి కొత్త రూపం కావాలని నమ్మిన తరం వాళ్లు. 1944 నుంచి బ్రిటిష్ పశ్చిమ ఆఫ్రికా వలసల్లో టౌన్ ప్లానింగ్ సలహాదారులుగా పనిచేశారు. అక్కడ ఎదురైన సమస్య మనకి బాగా తెలిసిందే: ఎండ, ఉక్క, వాన. చలిదేశం ప్లాన్ తెచ్చి అక్కడ పెడితే ఇల్లు పొయ్యిలా తయారవుతుంది. అందుకే గదికి రెండు వైపులా గాలి ఆడేలా కిటికీలు, గోడ మీద ఎండ పడకుండా ముందుకు వచ్చిన చూరు, పొడవాటి గోడలు ఉత్తర దక్షిణాలకి తిరిగి ఉండటం, ఇలా ఒక్కో సూత్రం కూర్చుకుంటూ వచ్చారు. 1947లో ఉష్ణదేశాల పల్లె ఇళ్ల మీద, 1956లో తేమ ఎక్కువుండే ప్రాంతాల కట్టడాల మీద పుస్తకాలు రాశారు. నైజీరియాలోని ఇబదాన్ యూనివర్సిటీ ఈ దంపతుల పనే.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. ఆవిడ అక్కడికి వెళ్లింది పాలకుల తరఫున. ఘనాలో టెమా ఓడరేవు కోసం జాలర్ల ఊరిని ఖాళీ చేయిస్తే, వాళ్ల కోసం కట్టిన కొత్త ఊరి డిజైన్‌లోనూ ఈ దంపతుల చెయ్యి ఉంది. ఊరివాళ్లతో మాట్లాడారు, వాళ్ల అలవాటు ప్రకారం వాకిలి చుట్టూ గదులు వచ్చేలా గీశారు. కానీ కదలాలా వద్దా అన్న నిర్ణయం ఆ జాలర్ల చేతుల్లో లేదు. మంచి ప్లాన్ గీసినంత మాత్రాన అన్యాయం చెరిగిపోదు.

ఇక చండీగఢ్. దేశ విభజనలో లాహోర్ పాకిస్తాన్‌కి పోయింది, పంజాబ్‌కి రాజధాని లేకుండా పోయింది. కొత్త నగరానికి మొదట ఆల్బర్ట్ మేయర్, మాథ్యూ నోవిక్కి ప్లాన్ వేశారు. 1950లో నోవిక్కి విమాన ప్రమాదంలో చనిపోయారు. మన అధికారులు యూరప్ వెళ్లి ఫ్రై, డ్రూలను అడిగితే, వాళ్లు లె కార్బూజియే పేరు సూచించారు. అంటే మనం బస్సులో అరిచిన పేరు ఇండియాకి రావడంలో ఆవిడ పాత్ర ఉందన్నమాట! కార్బూజియే ఏడాదికి రెండుసార్లు వచ్చి వెళ్లేవారు. ఆయన బంధువు పియర్ జానరే, ఫ్రై, డ్రూ మాత్రం అక్కడే ఉండి మన యువ ఆర్కిటెక్టులతో కలిసి పనిచేశారు. డ్రూ 1951 నుంచి 1954 దాకా ఉన్నారు.

పెద్ద పెద్ద కట్టడాలు కార్బూజియేవి. ఇళ్లు, స్కూళ్లు, ఆరోగ్య కేంద్రం లాంటివి మిగతా ముగ్గురివి. సిమెంటు, ఉక్కు కొరత, దొరికేది ఇటుక. ఆ ఇటుకతోనే ఎండకి అడ్డు, గాలికి దారి, ఇంటికి మరుగు తీసుకొచ్చారు. ప్యూన్ ఉద్యోగి ఇంట్లో కూడా రెండు గదులు, వంటగది, వరండా, నీళ్ల కుళాయి, ఫ్లష్ టాయిలెట్. 1950ల ఇండియాలో ఇది మామూలు సంగతి కాదు. అలాగని అంతా గొప్పే అనను. ముఖ్యమంత్రి నుంచి ప్యూన్ దాకా హోదాని బట్టి 13 రకాల ఇళ్లు నిర్ణయించారు. ఇల్లు చూస్తే జీతం తెలిసిపోతుంది.

తర్వాత ఆవిడ ఇంగ్లండ్‌లో ఓపెన్ యూనివర్సిటీ క్యాంపస్ డిజైన్ చేశారు. బ్రిటిష్ ఆర్కిటెక్టుల రాయల్ ఇన్‌స్టిట్యూట్ కౌన్సిల్‌కి ఎన్నికైన మొదటి మహిళ, 1969లో తను చదివిన ఆర్కిటెక్చరల్ అసోసియేషన్‌కి మొదటి మహిళా ప్రెసిడెంట్ ఆవిడే. 1964లో ఆ ఇన్‌స్టిట్యూట్ గోల్డ్ మెడల్ మాత్రం భర్తకి వచ్చింది. సగం జీవితం ఇద్దరూ ఒకే ఆఫీసులో పక్కపక్కన పనిచేశారు, మెడల్ మీద పేరు ఒక్కటే. 1996లో ప్రభుత్వం ఆవిడకి డేమ్ బిరుదు ఇచ్చింది. అదే ఏడాది జులైలో చనిపోయారు. ఇప్పుడు ఆవిడ పేరు మీద మహిళా ఆర్కిటెక్టులకి ఒక ప్రైజ్ ఉంది.

ఈ సెమిస్టర్ బిల్డింగ్ ప్లానింగ్‌లో మాకు నాలుగో తరగతి ఉద్యోగుల క్వార్టర్స్ గీయమన్నారు. నా షీట్ తీసుకెళ్లి హాస్టల్ మెస్‌లో పనిచేసే అక్కకి చూపించాను. కాసేపు చూసి, "మరి గిన్నెలు కూర్చుని తోముకునే చోటేదమ్మా?" అంది. వారం రోజులు గీసిన ప్లాన్‌లో ఆ చోటు లేదు. వెనక వరండా మూల నీళ్లు పోయేలా ఒక తొట్టి, పక్కనే కుళాయి పెట్టి మళ్లీ గీశాను.

వచ్చే నెల ఇంకో ఇంటర్వ్యూ ఉంది. ఈ షీటే తీసుకెళ్తున్నా. సైట్‌కి అబ్బాయిల్నే తీసుకుంటామంటే, ఈసారి థాంక్యూ చెప్పి వచ్చేయను. ఎందుకో అడుగుతా.