పొలంలో వాడే బ్లూటూత్ స్పీకర్: కొనేముందు ఏం చూడాలి?

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో వరి కోతలు, తుపాన్లు ఒకే కాలంలో వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. పనలు చేలో ఉన్నప్పుడు హెచ్చరిక ముందుగా చెవిన పడితే కుప్ప వేసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. గట్టు మీద పెట్టిన ఫోను మాట పనిలో వినపడదు. అందుకు చిన్న స్పీకర్ పనికొస్తుంది. అయితే పాటకు బాగున్న స్పీకర్ మాటకు బాగుండకపోవచ్చు.

శబ్దం ఎలా పరీక్షించాలి?

దుకాణంలో గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి కాబట్టి ఏ స్పీకరైనా గట్టిగానే వినిపిస్తుంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కనుక స్పీకర్‌ను బయటికి తెచ్చి, పాట కాకుండా వార్తలు పెట్టి, 20 అడుగుల దూరం నుంచి వినండి. ఊళ్ల పేర్లు, అంకెలు స్పష్టంగా తెలియాలి. బేస్ మరీ ఎక్కువైతే మాట ముద్దగా వస్తుంది. శబ్దం పూర్తిగా పెంచినప్పుడు గొంతు బొంగురుపోతే ఆ స్పీకర్ వద్దు. పెట్టె మీద 'పీఎంపీఓ' వాట్లను నమ్మకుండా 'ఆర్‌ఎంఎస్' వాట్లు చూడండి.

వాడకంలో చూడవలసినవి

• నీరు: 'ఐపీఎక్స్4' తుంపరలకు తట్టుకుంటుంది. 'ఐపీఎక్స్7' మీటరు లోతు నీటిలో అరగంట తట్టుకుంటుంది. ఇది మంచినీటికి చెప్పిన లెక్క. రొయ్యల చెరువుల దగ్గర ఉప్పునీరు పడితే మంచినీటి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే ఛార్జింగ్ పెట్టండి.

• బ్యాటరీ: పెట్టె మీద రాసే గంటలు సాధారణంగా మధ్యస్థ శబ్దానికి చెప్పినవి. గట్టిగా పెడితే త్వరగా అయిపోతుంది.

• దూరం: చాలా స్పీకర్లకు బ్లూటూత్ సుమారు 10 మీటర్లు అందుతుంది. ఫోను జేబులో పెట్టుకొని దూరం వెళితే శబ్దం ఆగిపోతుంది. ఫోనును స్పీకర్ దగ్గరే ఉంచండి.

• బటన్లు: మట్టి చేతులతో, చీకట్లో కూడా తడిమి నొక్కగలిగేలా ఉండాలి.

• ఎఫ్‌ఎం: ఇది ముఖ్యం. సెల్ టవర్లు పనిచేయకపోతే ఫోనుకు కొత్త సమాచారం రాదు, స్పీకర్‌కూ రాదు. ఎఫ్‌ఎం ఉంటే రేడియో వినవచ్చు. మీ ఊళ్లో ఆకాశవాణి ఎఫ్‌ఎం స్పష్టంగా అందుతుందో లేదో ముందే చూసుకోండి.

తుపాను సూచన వచ్చిన రోజే, కరెంటు ఉండగానే, స్పీకర్‌ను, ఫోనును పూర్తిగా ఛార్జ్ చేసుకోండి. ఆ ఛార్జిని పాటలకు ఖర్చు చేయకుండా హెచ్చరికలు వినడానికి దాచుకోండి.