మెదడు లేదు, గుండె లేదు... అయినా విషం చిమ్మే జెల్లీఫిష్

ఛత్తీస్‌గఢ్‌కు సముద్రతీరం లేదు. అయితే రాయ్‌పూర్‌లోని పండరీ వంటి ప్రాంతాల నుంచి సెలవుల్లో సముద్రం చూడాలనుకునే కుటుంబాలకు విశాఖపట్నం, పూరీ తీరాలు ఒక రాత్రి రైలు ప్రయాణ దూరంలోనే ఉన్నాయి. సముద్ర స్నానానికి దిగే ముందు ఇటువంటి యాత్రికులు తప్పక తెలుసుకోవలసిన జీవి జెల్లీఫిష్. పెలాజియా నాక్టిలుకా అనే విషపూరిత జాతి గుంపులు విశాఖ తీర జలాల్లోనూ కనిపించాయి.

పేరులో ఫిష్ ఉన్నా ఇది చేప కాదు. దీనికి మెదడు, గుండె, రక్తం, ఎముకలు లేవు. శరీరంలో దాదాపు 95 శాతం నీరే. అయినప్పటికీ 50 కోట్ల సంవత్సరాలకు పైగా ఈ జాతులు సముద్రాల్లో మనుగడ సాగిస్తున్నాయి. బాక్స్ జెల్లీఫిష్‌కు ఏకంగా 24 కళ్లుంటాయి. ఈ వర్గంలోని ఒక చిన్న జాతి అనుభవం నుంచి నేర్చుకోగలదని 2023లో శాస్త్రవేత్తలు వెల్లడించారు.

దంశ కణాలే ఆయుధం

జెల్లీఫిష్ విషం ప్రధానంగా దారాల్లా వేలాడే స్పర్శకాల్లోని దంశ కణాల్లో ఉంటుంది. ప్రతి కణంలోనూ చుట్టలా ముడుచుకున్న ఒక సూక్ష్మ నాళం అధిక పీడనంతో సిద్ధంగా ఉంటుంది. ఏదైనా తాకగానే అది పైకి దూసుకువచ్చి చర్మంలో విషాన్ని నింపుతుంది. జెల్లీఫిష్‌కు దగ్గరి బంధువైన హైడ్రాలో ఈ ప్రక్రియకు 700 నానోసెకన్లే పడుతున్నట్లు పరిశోధకులు కొలిచారు. ఇందుకు మెదడు ఆజ్ఞ అవసరం లేదు. అందుకే ఒడ్డుకు కొట్టుకొచ్చిన మృత జెల్లీఫిష్‌ను, తెగిపడిన స్పర్శకాన్ని తాకినా ప్రమాదమే.

2018 ఆగస్టులో ముంబయి తీరంలో సుమారు 150 మందిని గాయపరచిన బ్లూ బాటిల్ నిజానికి జెల్లీఫిష్ కాదు. అనేక సూక్ష్మ జీవులు కలిసి ఏర్పడిన సముదాయం. ఆయుధం మాత్రం అదే. ఉత్తర ఆస్ట్రేలియా జలాల్లోని ఒక బాక్స్ జెల్లీఫిష్ విషం తీవ్రమైతే నిమిషాల్లోనే గుండెను ఆపివేయగలదు.

ఏమి చేయాలి?

పేలని దంశ కణాలను రెచ్చగొట్టకపోవడమే ప్రథమ చికిత్సలో కీలకం. గాయాన్ని రుద్దరాదు, మంచినీటితో కడగరాదు. మూత్రం పోస్తే తగ్గుతుందన్నది అపోహ మాత్రమే. సముద్రపు నీటితోనే కడిగి, చర్మానికి అంటుకున్న స్పర్శకాలను పట్టకారుతో తొలగించాలి. బ్లూ బాటిల్ కుట్టినప్పుడు చర్మం కాలకుండా భరించగలిగినంత, అంటే సుమారు 45 డిగ్రీల వేడి నీటిలో ఆ భాగాన్ని 20 నిమిషాలు ఉంచితే నొప్పి తగ్గుతుంది. వెనిగర్ బాక్స్ జెల్లీఫిష్ గాయానికి ఉపయోగపడినా, బ్లూ బాటిల్‌కు పనికిరాదు. కుట్టినదేదో తెలియకుండా దానిని వాడకపోవడమే మంచిది.

శ్వాస ఇబ్బంది, ఛాతీ నొప్పి, స్పృహ కోల్పోవడం వంటి లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయక 108కు ఫోన్ చేయాలి. తీరంలో జీవరక్షకుల హెచ్చరికలను పాటించడం, ఇసుకపై మెరిసే నీలి బుడగలను పిల్లలు ముట్టకుండా చూడడం అన్నిటికన్నా సులభమైన జాగ్రత్తలు.